ఆమె పాపకి జడ వేసిన సంగతి

ఒక మాట నా దగ్గర ఉండిపోయింది. అది నాది కాదు. ఇంకొకరికి చెప్పమని ఒకావిడ నాకు అప్పజెప్పిన మాట. చెప్తానన్నాను. చెప్పలేదు. ఇన్నేళ్లుగా దాన్ని మోస్తూనే తిన్నాను, తిరిగాను, నలుగురికీ ధైర్యం చెప్పాను, సభల్లో శాలువాలు కూడా కప్పించుకున్నాను. ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లయితే మళ్లీ ఏదో ఒక అబద్ధం ఆడేదాన్ని.

నేను కౌన్సెలర్ని. రాజమండ్రిలో ఒక మందుల షాపు మీద గది. మనసు బాగాలేనివాళ్లు వస్తారు, మందులు డాక్టరుగారు రాస్తారు, మాటలు నేను చూసుకుంటాను. పేరు చెప్పను. చెబితే చాలామంది గుర్తుపడతారు, గుర్తుపట్టి "ఆవిడా? ఆవిడ అలాంటిది కాదే" అంటారు. ఆ మాటే నేను భరించలేను.

ముందు మా ఇంటి గురించి చెప్పాలి. సాకు కోసం కాదు. సాకులాగే వినిపిస్తుందని తెలుసు, అయినా చెప్పక తప్పదు.

మా అమ్మ మడి కట్టుకునేది. కోనసీమలో మా వీధిలో మడి లేని ఇల్లు లేదు కాబట్టి అదేమీ వింత కాదు. తెల్లారకుండా స్నానం, దండెం మీద ఎవరూ తాకకుండా ఆరేసిన చీర కర్రతో తీసి కట్టుకోవడం, వంటా పూజా అయ్యేదాకా ఎవరినీ ముట్టుకోకపోవడం. మిగతా ఇళ్లల్లో భోజనాలయ్యాక మడి విడిచేవారు. మా అమ్మ విడిచేది కాదు. పక్కింటివాళ్ల బట్ట గాలికి ఎగిరిందని ఒక స్నానం. నా పలక కొస తగిలిందేమోనని ఇంకో స్నానం. తగిలిందా లేదా అని అడిగితే ఆవిడకే తెలిసేది కాదు. చింతపండు కడిగేది, కట్టెలు కడిగేది, గ్యాసు వచ్చాక సిలిండరుకి స్నానం చేయించేది. ఉప్పు మాత్రం కడగలేక దాని ముందు కూర్చుని ఏడ్చేది. వీధిలో ఆడవాళ్లు చాటున నవ్వుకునేవారు, ఎదురుగా దండం పెట్టేవారు. నాన్నగారు మా ఊరి బడికి హెడ్మాస్టరు. ఎవరైనా అడిగితే "మా ఆవిడకి ఆచారం కాస్త ఎక్కువండి" అని అక్కడితో ఆపేసేవారు.

మడిలో ఉన్నవాళ్లని నూలుబట్టతో ముట్టుకోకూడదు. ఒంటిమీద బట్టల్లేని పసిపిల్లలైతే ఫరవాలేదు. ఆ లెక్క నాకు ఎవరు చెప్పారో గాని, అమ్మ కావాలనిపించినప్పుడల్లా గౌను విప్పేసి వెళ్లి వంటింటి గడప దగ్గర నిలబడేదాన్ని. ఎత్తుకునేది. చీర తడిగా ఉండేది. ఆ తడిలోనే ముఖం పెట్టుకుని ఉండిపోయేదాన్ని. ఒకరోజు అలాగే వెళ్లి నిలబడితే "ఇంత పెద్దదానివయ్యావు, సిగ్గులేదూ, వెళ్లి గౌను వేసుకో" అంది. వేసుకున్నాను. ఆ తర్వాత ఆవిడ నన్ను ఎప్పుడూ దగ్గరికి తీసుకోలేదు. జడ నాన్నగారు వేసేవారు, ఒక పాయ లావుగా, ఒక పాయ సన్నంగా. మీ అమ్మకి చేతుల్లేవా అని క్లాసులో ఆడపిల్లలు అడిగేవారు.

తర్వాత విశాఖపట్నంలో సైకాలజీ చదువుతుంటే ఒక పాఠంలో మా అమ్మ కనిపించింది. ఆ కడుగుడు, ఆ అనుమానం, ఆ ఏడుపు, అన్నీ ఉన్నాయి. ఓసీడీ అంటారు, ఇప్పుడందరికీ తెలిసిన మాటే. దానికి మందులున్నాయి. మెల్లమెల్లగా బయటికి తెచ్చే పద్ధతులున్నాయి. మందున్న జబ్బుకి మా వీధంతా దండం పెట్టింది. ఆ సంగతి నాన్నగారికి చెప్పలేదు, అమ్మకీ చెప్పలేదు. నేను ప్రాక్టీసు పెట్టిన ఏడాదే అమ్మ పోయింది, మహా ఆచారవంతురాలనే పేరుతో.

సొంత గొడవలు చెప్పులతోపాటు గుమ్మం బయట విడిచి రావాలని మాకు నేర్పారు. నా దగ్గర ట్రైనింగుకి వచ్చే పిల్లలకి నేనూ అదే చెప్తాను. చాలా బాగా చెప్తాను. కానీ నా గదిలోకి ఏ తల్లి వచ్చినా, ఏ కష్టం చెప్పుకున్నా, నేను మొదట అడిగేది ఒకటే. పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుంటున్నారా? అది ఏ పుస్తకంలోనూ లేదు. వంటింటి గడప దగ్గర నిలబడిన పిల్ల అడిగే ప్రశ్న అది. దానివల్ల కొందరికి మేలు కూడా జరిగింది, ఆ మాట కాదనను. పిల్లల కోసం నిలబడే మేడం అని పేరొచ్చింది. ఆ పేరు నాకు బాగా నచ్చింది కూడా.

ఆమెని శారద అంటాను. అసలు పేరు అది కాదు. పెనుగొండ దగ్గర పల్లె. భర్త హైస్కూల్లో తెలుగు మాస్టారు, నెమ్మదైన మనిషి. ఆయనే బస్సులో తీసుకొచ్చేవారు. పెళ్లయిన కొత్తలో "మా కోడలు మడిలో నన్నే మించిపోయింది" అని అత్తగారు ఊరంతా చెప్పుకుని మురిసిందట. నీళ్లు తోడీ తోడీ మోటారు కాలిపోయాక గాని వాళ్లకి అనుమానం రాలేదు. శారద చేతులు మోచేతుల దాకా ఎర్రగా పగిలి, వేళ్ల సందులు నానిపోయి తెల్లగా ఉండేవి. నా గదిలో కుర్చీలో కూర్చునేది కాదు. చీర కుచ్చెళ్లు నేలకి తగలకుండా పట్టుకుని నిలబడే మాట్లాడేది.

ఆమెకి ఐదేళ్ల కూతురుంది. పసితనంలో ఆ పాపకి వాంతులూ విరేచనాలూ అయి, ఆస్పత్రిలో సెలైన్లు పెట్టించాల్సి వచ్చిందట. తన చేతుల వల్లే అలా అయిందని శారద మనసులో పడిపోయింది. తన చేతుల్లో ఏదో ఉంది, ఎంత కడిగినా పోదు, తను ముట్టుకుంటే పాప చచ్చిపోతుంది. అందుకే ముట్టుకోదు. ఆ భయమంతా ప్రేమే అని పుస్తకాలు చదివిన నాకు తెలుసు. మా అమ్మ కూతురికి మాత్రం తెలియలేదు. ఆ చేతులు చూసినప్పుడల్లా నాకు జాలి రావాలి. కోపం వచ్చేది. ఒళ్లు మండిపోయేది. పైకి నవ్వుతూ "మెల్లగా ప్రయత్నిద్దామమ్మా" అనేదాన్ని.

ఆ కోపం తెలిసిన రోజే ఆమెని వేరేవాళ్ల దగ్గరికి పంపెయ్యాల్సింది. కాకినాడలో నాకు తెలిసిన మంచి కౌన్సెలర్ ఉంది. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. ఎందుకు చెయ్యలేదు? ఆ పాపని నేను తప్ప ఇంకెవరూ కాపాడలేరనుకున్నాను. ఏ పాపని?

డాక్టరుగారి మందులు పనిచేశాయి. నేను చెప్పినవి కూడా ఆమె చేసింది. తలుపు గొళ్లెం ముట్టుకుని కాసేపు కడుక్కోకుండా ఉండడం, పాప పుస్తకాల సంచి పట్టుకోవడం, అలాంటి చిన్న చిన్నవి. ఈలోగా ఇంట్లో ఇంకో మాట నడుస్తోంది. బడులు తెరిచేలోగా పాపని నరసాపురంలో మేనత్త దగ్గర వదిలేసి అక్కడే బళ్లో వేద్దామని మాస్టారి వైపువాళ్లందరూ అంటున్నారు. ఆయనకి ఎటూ తేలడం లేదు. ఈసారి వచ్చినప్పుడు నన్ను అడిగి, నేనేమంటే అలా చేస్తానని చెప్పారు. శారదకీ ఆ సంగతి తెలుసు.

ఆరోజు ఆమె లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది. అదే మొదటిసారి.

"నిన్న పాపకి జడ వేశానండి" అంది.

"మీరేనా?"

"నేనేనండి. స్నానం కూడా చేయించలేదండి. వీధిలో ఆడుకునొచ్చింది, ఆ మట్టికాళ్లతోనే కూర్చోబెట్టుకున్నాను. రిబ్బను జారిపోతా ఉంటే అదే తీసి ఇచ్చింది. ఎంతసేపు పట్టినా కదల్లేదండి అది. కదిలితే నేనెక్కడ లేచిపోతానో అని."

"తర్వాత కడుక్కున్నారా?"

"కడుక్కున్నానండి, అబద్ధమెందుకు. కానీ ముందు దాని తల వాసన చూశాను. కొబ్బరినూనె, చెమట. దానికి ఆ జబ్బు చేశాక అంత దగ్గరగా చూడలేదండి నేను." గుమ్మం వైపు చూసి అంది, "మా ఆయన ఇంట్లో లేరండి అప్పుడు. నేను చెబితే నమ్మరు, పాపని ఉంచుకోడానికి చెప్తున్నాననుకుంటారు. మీరు చెప్తే నమ్ముతారండి. చెప్తారా?"

"చెప్తాను" అన్నాను.

ఆమె కిందికి వెళ్లింది. మాస్టారు పైకొచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏమైనా గుణం కనపడుతోందాండి? మీరెలా అంటే అలాగేనండి."

నేను ఏం చెప్పాలో నాకు తెలుసు. మాట నోట్లోనే ఉంది. మీ ఆవిడ నిన్న పాపకి జడ వేశారండి, ఇంకొన్నాళ్లు ఓపిక పట్టండి, బాగుపడతారు. అంతే. చదువురాని మనిషైనా చెప్పగలిగిన మాట.

"ఇప్పట్లో లేదండి మాస్టారూ. పాపని మీ అక్కగారి దగ్గర ఉంచడమే మంచిది. వాళ్లమ్మకి కొంచెం దూరంగా ఉంటేనే దానికి క్షేమం" అన్నాను.

ఆయన నమస్కారం పెట్టి దిగిపోయారు. నేను గుమ్మం దాకా వెళ్లాను, ఎందుకో. మెట్ల కింద నిలబడిన శారద తలెత్తి నన్ను చూసి నవ్వింది. చెప్పేశాననుకుంది.

ఎందుకన్నాను ఆ మాట? పాప మేలు కోసమని ఆ క్షణంలో నిజంగానే నమ్మాను. సాయంత్రానికల్లా ఆ నమ్మకం సడలిపోయింది. అప్పటినుంచి ఇన్నేళ్లూ ఆ ప్రశ్నే వేసుకుంటున్నాను, ఎన్నిసార్లు వేసుకున్నా వచ్చే జవాబు ఒకటే, అది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. నాకు కడుపు మండింది. ఐదేళ్ల పిల్లని చూసి, చదువుకున్నదాన్ని, తల నెరిసినదాన్ని, నేను కుళ్లుకున్నాను. కూతురి కోసం శారద ఆ జబ్బుని దాటి ఒక అడుగు వేసింది. అయితే అది దాటగలిగేదేనన్నమాట. మరి మా అమ్మ నా కోసం ఎందుకు వెయ్యలేదు? మా అమ్మకి మందులు లేవు, డాక్టరు లేడు, చెప్పే మనిషి లేదు, అవన్నీ నాకు తెలుసు. తెలిస్తే ఏం లాభం? మట్టికాళ్లతో కదలకుండా కూర్చున్న ఆ పిల్లని తలుచుకుంటే నాకు సంతోషం కలగలేదు. నాకు లేనిది దానికి మాత్రం ఎందుకు అనిపించింది. వైద్యం అనే గౌరవమైన మాట కప్పి ఆ పని చేశాను.

వారం తిరక్కుండా శారద ఫోను చేసింది. పేరు చూసి తియ్యలేదు. మళ్లీ చేసింది. తియ్యలేదు. తర్వాత చెయ్యడం మానేసింది.

కొన్నాళ్లకి మాస్టారు ఒక్కరే వచ్చారు, పళ్లు పట్టుకుని. పాప నరసాపురంలో బాగానే ఉందన్నారు. శారద పుట్టింటికి, మొగల్తూరులో అన్నగారింటికి వెళ్లిపోయిందట. "గొడవ చేస్తుందనుకున్నానండి. మీరే దూరంగా ఉంచమన్నారని చెప్పగానే ఒక్క మాట అనలేదు. 'అయితే మేడం గారికి తెలిసిపోయిందన్నమాట' అంది. ఇంక ఆ మందులెందుకని మానేసింది" అన్నారు.

ఆయనకి ఆ మాట అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నేను మోసం చేశానని ఆమె అనుకోలేదు. అలా అనుకుని నన్ను తిట్టుకున్నా బాగుండేది. తన చేతుల్లో నిజంగానే విషం ఉందని, చదువుకున్న మేడం అది కనిపెట్టేసిందని అనుకుంది. ఏ భయం అబద్ధమని నేను ఆమెకి నెలల తరబడి నచ్చజెప్పానో, దాని మీద నేనే ముద్ర వేసి పంపించాను. అప్పటికైనా మాస్టారిని కూర్చోబెట్టి జరిగింది చెప్పొచ్చు. మొగల్తూరు ఎంత దూరం? పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నానికి వెళ్లిపోవచ్చు. నేను పళ్లు తీసుకుని, జాగ్రత్తగా వెళ్లండి మాస్టారూ అన్నాను.

ఆ తర్వాత నేను ఎంత మంచిదాన్నయ్యానో మీకు చెప్పినా నమ్మరు. డబ్బు లేనివాళ్లని ఊరికే చూశాను. సెలవు రోజుల్లోనూ గది తెరిచాను. ఎవరైనా మెచ్చుకుంటే ఆరోజు అన్నం దిగేది కాదు. అయినా మెప్పు మానుకోలేకపోయాను. కడుగుడు జబ్బుతో ఎవరొచ్చినా కాకినాడ పంపించేశాను. అక్కడ ఒకరిద్దరు పూర్తిగా బాగుపడ్డారని ఆ కౌన్సెలర్ సంతోషంగా ఫోను చేసి చెప్పింది. అలాంటి ఫోను వచ్చినప్పుడల్లా నేను కాసేపు గది తలుపేసుకుని కూర్చునేదాన్ని. శారద కూడా బాగుపడేది. అందులో సందేహం లేదు.

ఈమధ్య ఒక అమ్మాయి వచ్చింది. ఇంటర్ అయిపోయిందట, సైకాలజీ చదువుతానంటోంది. పొడుగ్గా, చక్కగా ఉంది. మాస్టారి పేరు చెప్పింది. కూర్చోమని కుర్చీ చూపించాను.

"మీకు దండం పెట్టి వెళ్దామని వచ్చానండి. చిన్నప్పుడు మీరే నన్ను బయటపడేశారని నాన్నగారు ఎప్పుడూ చెప్తారు. మీలాగే అవుదామనండి" అంది.

వాళ్లమ్మ పోయి రెండేళ్లయిందట. తడిబట్టల్లోనే ఉండి ఉండి జ్వరం వచ్చి, ఊపిరితిత్తుల్లోకి దిగి పోయిందట. సెలవులకి తను మొగల్తూరు వెళ్లేదట.

"పెరట్లో అంత దూరాన నిలబడి చూసేదండి. నేను దగ్గరికెళ్లబోతే 'రాకమ్మా, మేడం గారు వద్దన్నారు' అనేది. జ్వరంలో కూడా అదే మాటండి. చివరిదాకా మీ మాట దాటలేదు అమ్మ."

ఆ పిల్ల అది గౌరవంగా చెప్పింది. నాకు ఇవ్వడానికి తెచ్చినట్టుగా చెప్పింది.

లేవబోతూ ఆగి అడిగింది. "ఒకటి అడగనాండి? ఒకసారి అమ్మ నాకు జడ వేసినట్టు అనిపిస్తుంది. నాకు కల వచ్చుంటుందని అత్తయ్య అంటుంది. నాన్నగారికి తెలీదన్నారు. అప్పట్లో అమ్మ మీతోనే కదండి మాట్లాడేది. మీకేమైనా చెప్పిందాండి?"

ఇంతకంటే తేలికైన ప్రశ్న ఈ లోకంలో నన్నెవరూ అడగరు. ఔనమ్మా అంటే చాలు. ఆ ఒక్క మాట అంటే తర్వాత మరి మీరెందుకు చెప్పలేదని అడుగుతుంది. మీలాగే అవుదామని వచ్చిన పిల్ల ముఖం మారిపోతుంది. నేను అది చూడాలి.

"చాలా కాలమైందమ్మా. గుర్తులేదు" అన్నాను.

"ఫరవాలేదండి. కలే అయ్యుంటుంది" అని నవ్వి, నా కాళ్లకి నమస్కారం చేసి వెళ్లిపోయింది. మొదటిసారి కుళ్లుతో చేశాను. ఈసారి ఏమీ లేదు, నా పేరు కాపాడుకోవడం తప్ప. ఇది మొదటిదానికంటే నీచం.

మా ఇంట్లో అలా పెరిగాను కాబట్టి అలా చేశానని రాస్తే అది నిజమే, కానీ సగమే. అలాంటి ఇళ్లలో పెరిగి తల్లుల్ని క్షమించినవాళ్లున్నారు, ఇంకొకరి తల్లిని బతికించినవాళ్లున్నారు. నేను ఏం చేశానో చూశారు కదా. ఆమెని చంపానని అననా? జ్వరంతో పోయింది అంటారు అందరూ. అందరికీ తెలియనిది నాకు తెలుసు.

ఆ అమ్మాయి నంబరు నా ఫోనులో ఉంది. చదువు గురించి ఏవైనా అడగొచ్చాండి అని తనే ఇచ్చి వెళ్లింది. నేను చేస్తానో లేదో తెలియదు. చేస్తానని మీకు మాటివ్వను. నేను ఇచ్చిన మాట ఎలాంటిదో చెప్పాను కదా. నన్ను క్షమించమని కూడా అడగను, క్షమించడానికి మీకేం హక్కుంది? నేను చెప్పాల్సిన మనిషి మీరు కాదు.

కానీ ఇది రాస్తుంటే చాలా ఏళ్ల తర్వాత మోస్తున్నది కాస్త దిగినట్టుంది. అంతమాత్రం సుఖానికి కూడా నేను తగను. అయినా ఉంది. ఒక్కసారి పూర్తిగా రాయనివ్వండి, ఎవరికీ చెప్పని ఆ మాటని, ఆమె నాకు అప్పజెప్పినట్టుగానే. కల కాదమ్మా. మీ అమ్మ నీకు జడ వేసింది. వేసి, నీ తల వాసన చూసింది.